స్విమ్మింగ్ పూల్‌లో అడ్డంగా కట్టే తాడు: అది ఏం చేస్తుంది, ఏం చేయలేదు

స్విమ్మింగ్ పూల్‌లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక తాడు, దాని మీద అక్కడక్కడా రంగు ఫ్లోట్లు. ఈతకు వెళ్లిన ప్రతివాళ్లూ చూసే ఉంటారు. ఇటు లోతు తక్కువ, అటు లోతు ఎక్కువ అని చెప్పడానికే అది ఉందని కూడా అందరికీ తెలుసు. అయితే ఆ తాడు సరిగ్గా అక్కడే ఎందుకుంది? రెండడుగులు అటు జరిపితే ఏమవుతుంది? పోటీల్లో లేన్ల మధ్య కట్టే తాళ్లకూ దీనికీ తేడా ఏమిటి? పిల్లలకు "తాడు దాటొద్దు" అని చెప్పేస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నలకు పూల్ నడిపేవాళ్లలో కూడా కొందరు తడబడతారు. తడబడాల్సిన విషయం కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షల మంది. వాళ్లలో దాదాపు నాలుగోవంతు ఐదేళ్లలోపు పిల్లలు. ఇది నదులు, చెరువులు, సముద్రం, ఇంటి దగ్గరి నీళ్లు అన్నీ కలిపిన లెక్క. పూల్స్‌లో జరిగేవి ఇందులో ఒక భాగమే. కానీ పూల్ మనిషి కట్టుకున్నది. నేల ఎక్కడ ఎంత లోతుందో కట్టినవాళ్లకు అంగుళాలతో సహా తెలుసు. తెలిసిన ప్రమాదాన్ని నీళ్లలో దిగినవాళ్లకు కూడా తెలిసేలా చేయడమే ఆ తాడు పని.

నేల ఎక్కడ విరుగుతుందంటే

పైనుంచి చూస్తే నీళ్లు సమంగా కనిపిస్తాయి. కింద నేల అలా ఉండదు. రెండు లోతులున్న పూల్‌లో సాధారణంగా రెండు వాలులు ఉంటాయి. లోతు తక్కువ వైపు నుంచి మొదట మెల్లగా, నడుస్తుంటే తెలియనంతగా దిగుతుంది. దాదాపు ఐదడుగుల లోతు దగ్గర ఆ వాలు మారిపోయి, అక్కడి నుంచి నేల నిటారుగా కిందికి పడిపోతుంది. అమెరికాలో పబ్లిక్ పూల్స్‌కు చాలా రాష్ట్రాలు పెట్టిన నిబంధనల్లో మొదటి వాలు 12 అడుగులకు ఒక అడుగు మించకూడదు. రెండోది 3 అడుగులకు ఒక అడుగు వరకు ఉండొచ్చు. అన్ని పూల్స్ ఇలాగే ఉండవు. మొత్తం ఒకే లోతుతో కట్టినవీ, ఒకే వాలుతో దిగేవీ ఉన్నాయి. వాలు ఇలా ఒక్కసారిగా మారే పూల్స్‌లోనే ఈ తాడుకు ఎక్కువ పని.

ఆ రెండు అంకెల మధ్య తేడాను ఒక అడుగు వేసి చూద్దాం. నీళ్లలో మనిషి వేసే అడుగు 60 సెంటీమీటర్లు అనుకుంటే, మొదటి వాలు మీద ఆ అడుగుకు లోతు 5 సెంటీమీటర్లు పెరుగుతుంది. గడ్డం తడవొచ్చు, అంతే. రెండో వాలు మీద అదే అడుగుకు 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. మెడ లోతు నీళ్లలో నిలబడ్డ మనిషికి నీటిమట్టానికీ ముక్కుకూ మధ్య అంత ఖాళీ ఉండదు. ఒక్క అడుగు ముందు హాయిగా మాట్లాడుతున్న మనిషి, ఒక్క అడుగు తర్వాత నీళ్లు మింగుతాడు.

"ఒక్క అడుగే కదా, వెనక్కి వచ్చేస్తే పోలా?" అని గట్టు మీద ఉన్నవాళ్లకు అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. బొడ్డు లోతు నీళ్లలో మన కాళ్ల మీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. ఛాతీ లోతులో మూడోవంతుకు, మెడ లోతులో సుమారు పదోవంతుకు పడిపోతుంది. అంటే 60 కిలోల మనిషి మెడ లోతులో నేలను ఆరు కిలోల బరువుతో మాత్రమే తొక్కుతున్నాడన్నమాట. కింద నున్నటి టైల్, అదీ వాలుగా. వెనక్కి ఎక్కాలంటే పాదం నేలను గట్టిగా పట్టుకోవాలి. బరువే లేనప్పుడు పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? వెనక్కి వాలగానే పాదాలు ముందుకు, కిందికి జారిపోతాయి. ఈత వచ్చినవాడు ఆ క్షణంలో కాళ్లు వదిలేసి తేలతాడు. రానివాడు నేల కోసం వెతుకుతాడు, వెతికినకొద్దీ లోతులోకి జారుతాడు.

దీనికి తోడు కన్ను కూడా మోసం చేస్తుంది. నీళ్లలో నుంచి బయటికి వచ్చే వెలుతురు వంగుతుంది కాబట్టి, నిలువుగా పైనుంచి చూసినా నేల అసలు లోతులో ముప్పావు వంతు దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. 1.6 మీటర్ల లోతు 1.2 మీటర్లలా ఉంటుంది. గట్టు మీద నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువనిపిస్తుంది. వాలు మారే చోట నేల మీద ముదురు రంగు టైళ్లతో ఒక గీత కూడా వేస్తుంటారు. మంచి పనే. కానీ పదిమంది నీళ్లలో గెంతుతుంటే ఆ అలల కింద గీత ముక్కలుముక్కలై కనిపించకుండా పోతుంది. అందుకే హెచ్చరిక నీటి పైన ఉండాలి, కంటికి కనిపించాలి, చూడకుండా వెనక్కి నడుస్తున్న మనిషి ఒంటికి తగలాలి కూడా.

విరుపు మీద కాదు, విరుపుకు ముందు

తాడును వాలు మారే గీత మీదే, అంటే నేల విరుపు మీదే కడతారని చాలామంది అనుకుంటారు. సరైన చోటు అది కాదు. దానికి ఒకటి రెండు అడుగుల ముందు, లోతు తక్కువ వైపున కట్టాలి. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఎందుకంటే తాడు అనేది గోడ కాదు, అది వంగుతుంది. ఎంత వంగుతుందో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది.

పది మీటర్ల వెడల్పు పూల్‌కు అడ్డంగా తాడు కట్టామనుకోండి. అది పది మీటర్ల పది సెంటీమీటర్లు ఉంది, అంటే పది సెంటీమీటర్లు వదులు. చూడ్డానికి ఆ వదులు లెక్కలోకి రాదు. ఇప్పుడు మధ్యలో ఒక మనిషి దాన్ని పట్టుకుని లోతు వైపుకు ఒరిగితే తాడు నడిభాగం ఎంత జరుగుతుంది? పది సెంటీమీటర్లు కాదు. దాదాపు 70 సెంటీమీటర్లు. నిటారు వాలు మీద 70 సెంటీమీటర్లు అంటే లోతులో 23 సెంటీమీటర్ల తేడా. తాడు సరిగ్గా విరుపు మీద ఉంటే, దాన్ని పట్టుకున్న మనిషి తాడుతో సహా ముక్కు మునిగే లోతులోకి వెళ్లిపోతాడు. అడుగున్నర ముందు కట్టి ఉంటే ఆ జరుగుబాటులో ఎక్కువ భాగం మెల్లటి వాలు మీదే గడిచిపోతుంది. ముందు కట్టాలన్న నిబంధన, బిగించి కట్టాలన్న నిబంధన రెండూ కలిసి పనిచేస్తాయి. ఒకటి ఉంటే సరిపోదు.

అలాగని వీణ తీగలా బిగించేయడమూ కుదరదు. బిగువైన తాడును నడిమధ్య పక్కకు లాగితే రెండు చివరలా గోడ హుక్కుల మీద పడే బలం లాగిన బలానికి ఎన్నో రెట్లుంటుంది. అదే పది మీటర్ల తాడు మధ్యలో పది సెంటీమీటర్లు మాత్రమే వంగేంత బిగువుగా ఉండి, దాన్ని 20 కిలోల బలంతో పక్కకు నెట్టారనుకుంటే, హుక్కు మీద పడేది దాదాపు 500 కిలోలు. నిజంగా నెట్టినప్పుడు తాడు సాగుతుంది, ఇంకొంచెం వంగుతుంది కాబట్టి అంత దాకా రాకపోవచ్చు. కానీ పిల్లలు ముగ్గురు నలుగురు తాడు మీద ఊగితే హుక్కులు ఎందుకు ఊడివస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది. "ఫ్లోట్ల మీద కూర్చోవద్దు" అని లైఫ్‌గార్డ్ ఊరికే కేకలేయడు.

ఇక ఫ్లోట్ల సంగతి. మనిషిని తేల్చడానికే అవి ఉన్నాయనుకోవడం మామూలు. అడ్డంగా 12 సెంటీమీటర్లు, పొడవు 20 సెంటీమీటర్లు ఉండే ఫ్లోట్ మహా అయితే రెండు కిలోల బరువును నీటి పైన నిలపగలదు. పెద్దవాళ్ల తల ఒక్కటే నాలుగున్నర, ఐదు కిలోలుంటుంది. అంటే ఒక్క ఫ్లోట్‌ను కౌగిలించుకుని ఎవరూ తేలలేరు. ఫ్లోట్లు తాడును నీటిమట్టం మీద ఉంచుతాయి, దూరం నుంచి కనిపించేలా చేస్తాయి. మనిషి బరువును ఆపేది తాడు బిగువు, గోడలోని హుక్కు. అందుకే తాడు చేతికి అందినప్పుడు పిడికిలి బిగిసేంత లావుగా ఉండాలి. ముప్పావు అంగుళం, అంటే సుమారు 19 మిల్లీమీటర్ల మందం అని చాలా నిబంధనల్లో రాసుకున్నది ఇందుకే. సన్నటి నైలాన్ తాడు తడి చేతిలో కోసుకుంటుంది, జారిపోతుంది. పైగా నైలాన్ నీళ్లలో మునిగే పదార్థం, తడిస్తే సాగుతుంది కూడా. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన తాడు దానంతటదే తేలుతుంది.

చేతికి అందాలి అన్నాను కదా, ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. మునిగిపోతున్న మనిషి చేయి చాపి తాడును అందుకుంటాడని మనం ఊహించుకుంటాం. అలా జరగదు. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డ్ నిజంగా మునుగుతున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించి చెప్పిన విషయం ఇది. ఊపిరాడని క్షణంలో చేతులు మన మాట వినవు. అవి పక్కలకు చాచుకుని నీళ్లను కిందికి నొక్కుతాయి, తలను పైకి తేవడానికి. ఎదురుగా ఉన్న వస్తువును అందుకోవడం, చేయి ఊపడం, కేక వేయడం అప్పుడు వాళ్ల చేతిలో ఉండవు. ఇలా నీటిమట్టం దగ్గర కొట్టుకునేది 20 నుంచి 60 సెకన్లు. చప్పుడు పెద్దగా ఉండదు. కాబట్టి మునగడం మొదలయ్యాక ఒక మీటరు దూరంలో ఉన్న తాడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పాదాలు ఇంకా నేలను తాకుతున్నప్పుడు, భయం ఇంకా మెదడును పట్టుకోనప్పుడు, ఒంటికి తగిలి ఆపే తాడు మాత్రమే పనికొస్తుంది. విరుపుకు ముందే కట్టమనడానికి ఇది రెండో కారణం. నా ఉద్దేశంలో మొదటి కారణం కన్నా పెద్దది.

లేన్ రోప్ వేరు

పోటీల్లో చూసే, చక్రాలు దగ్గరదగ్గరగా గుచ్చినట్టుండే పొడవాటి తాళ్లు వేరే జాతి. వాటి పని మనుషుల్ని ఆపడం కాదు, అలల్ని ఆపడం. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పూల్‌లో లేన్లు గుర్తించి పోటీలు పెట్టారు. ఆ తర్వాత చాలాకాలం లేన్ల మధ్య ఉండేవి తాడుకు గుచ్చిన బెండు ముక్కల్లాంటి మామూలు ఫ్లోట్లే. పక్క లేన్‌లో ఈదేవాడి అల నేరుగా వచ్చి ముఖానికి కొట్టేది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా ఈదే పోటీ) స్వర్ణం గెలిచిన అడాల్ఫ్ కీఫర్, తర్వాత ఈత సామగ్రి తయారీలోకి దిగి, 1960ల్లో అలల్ని మింగే లేన్ రోప్‌ను తెచ్చాడు. రెక్కలున్న ప్లాస్టిక్ చక్రాలు స్టీల్ తీగ మీద విడివిడిగా తిరుగుతాయి. అల వచ్చి తగిలితే దాని శక్తి చక్రాలను తిప్పడంలో, రెక్కల సందుల్లో చిన్న సుడులుగా ఖర్చయిపోతుంది. అవతలి లేన్‌కు చేరేది కొద్దిగానే.

ఇప్పుడు దీన్ని భద్రత కోసం కట్టే తాడు బదులు వాడితే ఏమవుతుందో చూడండి. భయంతో ఉన్న మనిషి రెండు చేతులూ చక్రాల మీద వేస్తాడు. చక్రం తిరగడానికే పుట్టింది కాబట్టి తిరుగుతుంది. చేతులు ముందుకు జారతాయి, ఒళ్లు కిందికి పోతుంది, మళ్లీ పట్టుకుంటే మళ్లీ తిరుగుతుంది. తీగను పట్టుకుందామంటే చక్రాల మధ్య వేలు దూరే సందు కూడా ఉండదు, దూరితే నలుగుతుంది. విరిగిన చక్రం అంచు బ్లేడులా ఉంటుంది. వేగంగా ఈదేవాళ్లకు ఎంతో మేలు చేసే వస్తువు ఈత రానివాడికి అక్కరకు రాదు. రెండూ నీళ్ల మీద తేలుతూ రంగురంగులుగా ఉంటాయి కాబట్టి ఒకటి లేనప్పుడు ఇంకోటి కట్టేద్దాం అనుకోవడం మంచిది కాదు.

లేన్ రోప్ రంగుల్లో కూడా అర్థం ఉంది. అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ ఆక్వాటిక్స్ నియమాల ప్రకారం ఒక్కో లేన్ వెడల్పు 2.5 మీటర్లు. ఎనిమిది లేన్ల పూల్‌లో అంచు లేన్లకు ఆకుపచ్చ, మధ్యలోని 4, 5 లేన్లకు పసుపు, మిగతావాటికి నీలం. రెండు గోడల దగ్గరా చివరి 5 మీటర్లు ఎరుపు. వెల్లకిలా ఈదేవాడికి ముందున్న గోడ కనిపించదు. పక్కన ఎరుపు మొదలైందీ, పైన జెండాలు దాటిందీ చూసుకుని చేతులెన్ని వేస్తే గోడ వస్తుందో లెక్కేసుకుంటాడు. 15 మీటర్ల దగ్గర ఇంకో గుర్తుంటుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికన్ ఈతగాడు డేవిడ్ బెర్కాఫ్ లాంటివాళ్లు బ్యాక్‌స్ట్రోక్‌లో మొదటి 50 మీటర్లలో సగానికి పైగా దూరం నీటి అడుగునే దూసుకుపోయాక, తల ఎక్కడికల్లా పైకి రావాలో హద్దు పెట్టారు. ఇప్పుడా హద్దు 15 మీటర్లు. ఇవన్నీ పోటీకి సంబంధించిన గుర్తులు. లోతు గురించి అవి ఒక్క ముక్క కూడా చెప్పవు.

ఇవి కాక డైవింగ్ బోర్డు కిందా, జారుడుబల్ల దిగే చోటా హద్దుగా కట్టేవి, ఈత నేర్పేటప్పుడు తాత్కాలికంగా కట్టేవి ఉంటాయి. బోర్డు, జారుడుబల్ల దగ్గరి తాళ్లు కట్టేది వాటిని దాటితే మునుగుతామని కాదు, పైనుంచి దూకేవాడి కింద పడతామని.

తాడు పిల్లల ఎత్తు చూసి కట్టింది కాదు

ఇది తల్లిదండ్రులు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం. "తాడుకు ఇవతల సేఫ్" అని చెప్పి గట్టు మీద కూర్చోవడం నేను ఎన్నో పూల్స్‌లో చూశాను. తాడు ఉండే చోట లోతు సుమారు ఐదడుగులు. అది పెద్దవాళ్ల గడ్డాన్ని ఉద్దేశించి పెట్టిన హద్దు. ఆరేళ్ల పిల్ల ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు ఉంటుంది, గడ్డం 95 దగ్గర ఉంటుంది. లోతు తక్కువ చివర నీళ్లు 90 సెంటీమీటర్లతో మొదలై 12కు ఒకటి వాలుతో దిగుతుంటే, ఆ పిల్ల గడ్డం దాకా నీళ్లు రావడానికి ఎంత దూరం నడవాలి? అరవై సెంటీమీటర్లు. అంటే ఒక పెద్ద అడుగు. అక్కడి నుంచి తాడు ఇంకా ఆరేడు మీటర్ల దూరంలో ఉంటుంది. ఆ ఆరేడు మీటర్లూ పెద్దవాళ్లకు "లోతు తక్కువ" భాగమే. ఆ పిల్లకు మాత్రం కాళ్లు అందని లోతు.

కాబట్టి పిల్లల విషయంలో తాడు హద్దు కాదు. గోడ అంచున రాసి ఉండే లోతు అంకెలు చూసి, పిల్ల ఛాతీ ఎంత ఎత్తులో ఉందో చూసి, ఏ అంకె దగ్గర ఆగాలో మనమే నిర్ణయించాలి. ఈత రాని పిల్లతో పాటు పెద్దవాళ్లు నీళ్లలో ఉండాలి, చేయి చాపితే అందేంత దగ్గరలో. మరీ చిన్నవాళ్లకు విడిగా కట్టిన మోకాటి లోతు పూల్ ఉంటే అదే సరైన చోటు. అక్కడ మధ్యలో ఉండేది తాడు కాదు, గోడ.

కొంచెం పెద్ద పిల్లలతో ఇంకో చిక్కు. తాడు కింద నుంచి దూరి అవతలికి వెళ్లడం, దాని మీద నుంచి దూకడం వాళ్లకు ఆట. ఊపిరి బిగబట్టి అడుగున ఈదుతూ వచ్చినవాడు, గాలి అయిపోయి పైకి లేచేసరికి తలకు తాడు తగిలితే కంగారు పడతాడు. ఆ కంగారులో ఒక గుక్క నీళ్లు చాలు. లైఫ్‌గార్డులు తాడు దగ్గర ఆటలు ఆపడానికి ఇదో కారణం. ఇంకో కారణం కూడా ఉంది. లైఫ్‌గార్డ్ చూపుకు ఆ తాడు ఒక గీత. ఇంతసేపూ ఇవతల నిలబడి ఉన్న తల గీత దాటిందంటే అతని కన్ను అక్కడికి పోవాలి. పది తలలు ఊరికే అటూ ఇటూ దాటుతుంటే, నిజంగా చూడాల్సిన తల ఆ గుంపులో కలిసిపోతుంది.

కట్టి వదిలేస్తే సరిపోదు

క్లోరిన్, ఎండ ఈ రెండూ తాడుకు శత్రువులు. ఎండకు మాడిన ప్లాస్టిక్ తాడును చేత్తో దూస్తే అరచేతికి తెల్లటి పొడి, సన్నటి పీచు అంటుకుంటాయి. అలాంటి తాడు చూడ్డానికి బాగానే ఉన్నా గట్టిగా లాగితే తెగిపోవచ్చు. ఫ్లోట్‌కు రెండు వైపులా ముడో క్లిప్పో ఉందా అని చూడాలి. లేకపోతే ఫ్లోట్లు జారి ఒక గోడ దగ్గర పోగవుతాయి, నడిమధ్య తాడు నీళ్లలోకి దిగిపోతుంది. సరిగ్గా ఎక్కడ కనిపించాలో అక్కడే కనిపించదు. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టదనే నమ్మకం కూడా పూల్ దగ్గర పనిచేయదు. క్లోరిన్ నీళ్లు దానికీ చిన్నచిన్న గుంటలు పెడతాయి. గోడలో గుంటలా చేసి బిగించిన హుక్కు లోపలి కడ్డీని వేలితో తడిమి చూస్తే ఆ గరుకు తెలుస్తుంది. లేన్ రోప్‌లైతే తీగ పోగులు విడిపోయి సూదుల్లా బయటికి వస్తాయి, బిగించేటప్పుడు తెగితే చివర కొరడాలా ఎగిరిపడుతుంది. బిగించేవాడు తీగకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడాలి.

వీటన్నిటికన్నా మామూలుగా జరిగే లోపం మాత్రం తాడు అసలు లేకపోవడం. పొద్దున్నే నిలువు పొడవున ఈదేవాళ్ల కోసం దాన్ని విప్పుతారు. అందులో తప్పులేదు, వాళ్లకు అది అడ్డు. ఒక చివర విప్పి, గోడ పక్కన వదిలేస్తారు. ఆ సెషన్ అయిపోయి కుటుంబాలు దిగే వేళకు దాన్ని తిరిగి తగిలించాల్సింది ఎవరన్నది చాలాచోట్ల రాసి ఉండదు. కోచ్ లైఫ్‌గార్డ్ చూసుకుంటాడనుకుంటాడు, లైఫ్‌గార్డ్ పంపు దగ్గరి మనిషి చూసుకుంటాడనుకుంటాడు. విప్పినవాళ్లే తిరిగి కట్టాలి, కట్టేదాకా ఈత రానివాళ్లను దిగనివ్వకూడదు అని ఒక్క వాక్యం గోడ మీద రాసి, డ్యూటీ పుస్తకంలో సంతకం పెట్టించుకుంటే ఈ లోపం పోతుంది. ఖర్చు లేని పని. పూల్‌కు వెళ్లినవాళ్లు కూడా దిగేముందు గోడ వైపు చూసుకోవచ్చు. హుక్కులు ఉండి తాడు లేకపోతే, తాడు కట్టాకే దిగుతామని కౌంటర్‌లో చెప్పొచ్చు. తగిలించడానికి రెండు నిమిషాలు పడుతుంది.